బోసి చెవులు

నల్లవి, బూడిద రంగువి, మళ్ళీ నల్లవి, ఒకటేమో గోధుమపిండి రంగు, గోడ నిండా కొక్కేలకు వేలాడుతున్న హెడ్‌ఫోన్లు, ఇన్నిట్లో ఒకటి తీసుకుని ఇంటికి పోవడానికి ఇంత రభసా, వంకాయలు ఏరుకున్నట్టు ఏరుకుని పోదామనుకుని వచ్చాను, అయినా శనివారం ఆర్వో, అదే మధ్యాహ్నం పూట, బుద్ధున్నవాళ్ళెవరైనా బ్లాక్‌టౌన్ షాపింగ్ సెంటర్‌కి వస్తారా, పార్కింగ్ దొరికేసరికే తల ప్రాణం తోకకొచ్చింది, ఇక్కడ చూస్తే ఒక పక్క టీవీల వరసంతా ఒకే ఫుటీ మ్యాచి అరుస్తోంది, ఇంకో పక్క ఎవరి పిల్లాడో డెమో స్పీకరు మీట పట్టుకుని వదలడం లేదు, పైన సీలింగులోంచి ఎవరూ వినని పాట ఒకటి, గోల వినపడకుండా చేసే వస్తువుల్ని ఊరు మొత్తం మీద ఎక్కువ గోల ఉన్నచోట పెట్టి అమ్ముతున్నారు, ఆ తెలివి ఎవరిదో గాని. నా చేతిలో ఫోను. ఫోనులో మా ఆయన బాలమురళి. ఆయన వెనక సోఫాలో మా అత్తయ్య అలివేలు గారు. స్క్రీను మూల చిన్న గడిలో మా ఆయన స్నేహితుడు భానుప్రసాద్, పెండిల్ హిల్‌లో వాళ్ళింటి గరాజు ముందు నిలబడి. ముగ్గురూ వీడియోలో, ముగ్గురూ స్పీకరులో, ముగ్గురూ ఒకేసారి. ముగ్గురూ కలిసి నాకు హెడ్‌ఫోన్లు కొంటున్నారు.

నాకే, నాకనే మొదలైంది ఇదంతా. వచ్చే నెల పరీక్ష. రాజమండ్రిలో పళ్ళ డాక్టరు పట్టా పుచ్చుకుని, దానవాయిపేటలో ఒక క్లినిక్‌లో కొన్నాళ్ళు జనం పళ్ళు పీకి, పెళ్ళి చేసుకుని సిడ్నీ వచ్చినదాన్ని, ఇక్కడ మళ్ళీ ఆ పని ముట్టుకోవాలంటే వీళ్ళ పరీక్ష గట్టెక్కాలి, అప్పటిదాకా వెస్ట్‌మీడ్‌లో నాకంటే చిన్నవాడైన డాక్టరు పక్కన నిలబడి పేషెంటు నోట్లోని ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకోవడం నా ఉద్యోగం. అతను పన్ను తొలుస్తుంటే ఒక్కోసారి నా చేతివేళ్ళు వాటంతటవే కదులుతాయి, అలా కాదు, కాస్త వాలుగా పట్టు అని, నోటిదాకా వచ్చిన మాట మాస్కు వెనకే ఉండిపోతుంది. మొదటిసారి పరీక్ష రాద్దామనుకునేసరికి ఆదిత్య కడుపులో పడ్డాడు, రెండోసారి క్వేకర్స్ హిల్‌లో ఇల్లు కొన్నాం, అట్టపెట్టెలు విప్పి సామాను సర్దేసరికి ఆ తేదీ దాటిపోయింది. ఈసారి కూడా రాయకపోతే ఇక రాయను. అది నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. అప్పుడిక కోపం కూడా రాదు, అలవాటైపోతుంది, అదే నాకు భయం. అందుకని మొన్నామధ్య అన్నాలు తింటుంటే అన్నాను, ట్రైన్‌లో వెళ్తూ వస్తూ చదువుకుంటాను, సాయంత్రాలు ఇంట్లో చదువుకుంటాను, గోల వినపడకుండా ఉండే హెడ్‌ఫోన్లు ఒకటి కొనుక్కుంటాను అని. వద్దన్నారా అంటే ఒక్కరూ వద్దనలేదు. వద్దంటే పోట్లాడేదాన్ని, అదొక సుఖం. "తప్పకుండా కొందాం నీలూ, కొనేదేదో మంచిది కొందాం, భానుని అడుగుతా," అన్నాడు బాలమురళి, అన్నంలో పెరుగు కలుపుకుంటూ.

భానుని అడుగుతా. కారు కొనాలంటే భానుని అడగాలి, ఇంటి మీద సోలార్ పలకలు వేయించాలంటే భానుని అడగాలి, పిల్లాణ్ణి ఏ కోచింగ్‌లో వేయాలన్నా, వాషింగ్ మెషీను తలుపు ముందుండాలా పైనుండాలా అన్నా, సిడ్నీలో మన తెలుగువాళ్ళ ప్రతి గుంపుకీ ఇలాంటి భాను ఒకడుంటాడు, ఆయన తల ఊపందే ఎవరూ డబ్బా తెరవరు. కరీంనగర్ మనిషి, బ్యాంకులో ఐటీ, మంచివాడు, మంచివాడే కాబట్టి నోరారా తిట్టుకోవడానికి కూడా వీల్లేదు. ఆ రాత్రే ఫోను చేశాడు, స్పీకరులోనే, మా ఇంట్లో స్పీకరులో కాని ఫోను లేదు, "ఇప్పుడెందుకు కొంటరు నీలిమ గారూ, బాక్సింగ్ డే దాకా ఆగుండ్రి, మస్తు తగ్గుతయ్," అన్నాడు. బాక్సింగ్ డే అంటే క్రిస్మస్ మర్నాడు, అప్పటికి నా పరీక్ష అయిపోతుంది కదండీ అన్నాను. "అయితే ఏమాయె, వస్తువు ఉంటది గద," అన్నాడు. బాలమురళి అది సబబే అన్నట్టు నా వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత వారం పాటు వీడియోలు పంపించాడు, గడ్డం ఉన్నవాడొకడు, లేనివాడొకడు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విమానం కిటికీ పక్కన కూర్చుని బాసు ఎలా ఉంది, ట్రెబుల్ ఎలా ఉంది, చదువుకునే పుస్తకం పట్టుకున్నవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు, అవి చూసిన సమయం చదువు మీద పెట్టి ఉంటే దవడ నరాలన్నీ అయిపోయేవి.

సరే, అది కూడా భరించాను. కాని వారం తిరిగేసరికి నా హెడ్‌ఫోన్లు నావి కాకుండా పోయాయి, ఎప్పుడు పోయాయో చెప్పమంటే చెప్పలేను, ఎవరూ లాక్కోలేదు. బాలమురళి ఇంటినుంచే పనిచేస్తాడు, రోజంతా మీటింగులే, పగలు నువ్వు క్లినిక్‌లో ఉంటావు, అవి ఊరికే పడి ఉండేకన్నా నేను వాడుకుంటాను, అయితే మైకు మంచిది ఉండాలి అన్నాడు. అత్తయ్యది డిసెంబరులో తిరుగు ప్రయాణం, వచ్చేటప్పుడు విమానం మోతకి రెండురోజులు చెవులు దిమ్మెక్కిపోయాయి అమ్మాయ్, అవేవో పెట్టుకుంటే మోత ఉండదట కదా, నాలుగు రోజులు నాకిస్తే ఎవరిచేతైనా మళ్ళీ పంపిస్తాను అన్నారు, అందుకని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునేలా ఉండాలి. ఆదిత్య అన్నం పళ్ళెం మీంచి తల ఎత్తకుండా "కెన్ ఇట్ కనెక్ట్ టు మై ఐప్యాడ్ టూ?" అన్నాడు, అంటే రెండిటికీ ఒకేసారి తగులుకునేది కావాలి. విమానానికి, మీటింగులకి, ఆటలకి. ఇంకా నయం, పక్కింటివాళ్ళ కుక్క ఏమీ అడగలేదు. నేను పడుకుని ఆలోచిస్తే నవ్వొచ్చింది, నవ్వొచ్చాక ఏడుపొచ్చింది, ఇంతమందికీ పనికొచ్చేలా ఏరుతున్న ఆ వస్తువులో నా చదువుకి ఏం కావాలో ఒక్కరూ అడగలేదు, నేనూ చెప్పలేదు, ఏం కావాలో చెప్పడానికి మాట దొరకలేదు.

"గది కాదు నీలిమ గారూ, దాని పక్కనున్నది. ఎడమ దిక్కు. మీ ఎడమ కాదు, నా ఎడమ." భానుప్రసాద్ గడిలోంచి వేలు చూపిస్తున్నాడు, ఏ వేలు ఎటు చూపిస్తోందో దేవుడికే తెలియాలి. "నీలూ, ఫోను కాస్త దగ్గరగా పట్టు, మైకులెన్నో బాక్సు మీద ఉంటుంది చదువు." "అమ్మాయ్, తెల్లవి కొనకు, నాలుగు రోజుల్లో మాసిపోతాయి." అటువైపు నిలబడ్డ ముసలాయన ఒకాయన మమ్మల్ని చూసి కెటిళ్ళ వైపు వెళ్ళిపోయాడు. దుకాణంలో పనిచేసే పొడుగాటి అమ్మాయి వచ్చి నవ్వి, ఫోనులో ముగ్గురినీ చూసి చెయ్యి ఊపి, "టేక్ యువర్ టైమ్, లవ్," అని పోయింది. టైమా, ఎక్కడుందమ్మా టైము, సాయంత్రానికి ఈ భాను వాళ్ళే మా ఇంటికి బార్బీకి, అదే బార్బెక్యూకి, వస్తున్నారు, చికెన్‌కి మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాను, పొద్దున ఒక్క పేజీ చదివాను, ఆ పేజీ నిన్నటిదే. భానుప్రసాద్ చెప్పింది కొక్కెం మీంచి తీశాను. పెట్టుకున్నాను. ఎడమ చెవి వెనక సూదితో పొడిచినట్టయింది.

దిద్దులు. ఏ గడ్డంవాడూ చెప్పలేదు ఈ సంగతి, వాడికి దిద్దులుంటే కదా. మా అమ్మ పెళ్ళికి పెట్టిన ఏడురాళ్ళ దిద్దులు, వెనక శీల పొడుగు, హెడ్‌ఫోను మెత్త దాన్ని పట్టి ఎముకలోకి నొక్కుతోంది, ఇలా ఓ గంట కూర్చుంటే చదువుకోవడం మాట అటుంచి పోటు లేస్తుంది. జడకి పెట్టిన క్లిప్పు ఒకటి పైన అడ్డం, దాన్ని తీసేశాను. ఫోనుని పక్కనున్న గాజు బీరువాకి ఆనించి పెట్టి, కుడి చెవిది ముందు, ఎడమ చెవిది తర్వాత, శీలలు తిప్పి తిప్పి ఊడదీశాను, ఏళ్ళుగా తీయలేదేమో ఎడమది మొరాయించింది, కింద పడితే ఈ కార్పెట్‌లో వెతుక్కోలేక చావాలి, జాగ్రత్తగా పర్సు లోపలి జిప్పులో వేశాను. చెవితమ్మెలు చల్లగా, తేలిగ్గా, ఇంకెవరి చెవుల్లాగో ఉన్నాయి. "అమ్మాయ్! చెవులకేవీ?" అత్తయ్య సోఫాలోంచి లేచి కెమెరాలోకి ముఖం పెట్టారు. నొక్కుకుంటున్నాయండీ, తీశాను అన్నాను. "బోసి చెవులతో నలుగురిలో నిలబడ్డావా? చదువుకునేప్పుడల్లా ఇలా తీసి కూచుంటావా ఏంటి, ఇంటికి మంచిది కాదు." బాలమురళి "అమ్మా, అదేం లేదులే," అంటూ, నాతో "పోనీ నీలూ, చెవి లోపల పెట్టుకునే చిన్నవి చూస్తే?" అన్నాడు. "చిన్నవాట్ల బ్యాటరీ నిలవది," అన్నాడు భాను. నా చెవుల గురించి ముగ్గురూ మాట్లాడుకుంటున్నారు. నేను మళ్ళీ పెట్టుకుని మీట నొక్కాను.

ఏదో తెగినట్టు గది ఊపిరి ఆగిపోయింది. అప్పటిదాకా ఏసీ అంత మోత చేస్తోందని తెలియనే తెలియదు, అది పోయింది, అవతల నడవలో ఫ్రిజ్‌ల హోరు పోయింది, ఫుటీ జనం అరుపు దూరంగా ఎక్కడో గోనెసంచిలో వేసి కట్టినట్టయింది. ఎంత హాయి. నేను కళ్ళు మూసుకున్నాను. హాయి అనుకోగానే ఎందుకో ఇల్లు గుర్తొచ్చింది, క్వేకర్స్ హిల్‌ది కాదు, గోదావరి స్టేషను పక్కన రైలుకట్టని ఆనుకుని మేము అద్దెకున్న రెండు గదులు, ఆ ఇంటికీ హాయికీ ఏం సంబంధం, రైలు పోతే గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి, గూడ్సు పోతే కుర్చీ కాళ్ళు కదిలేవి, పక్కన పిండిమర, ఎదురుగా కల్యాణమండపం, మైకువాడు ముహూర్తానికి ముందురోజు నుంచే చెక్ చెక్ అనేవాడు, అంత గోలలో కూర్చుని ముఖంలో నరాలన్నీ నేర్చుకున్నాను, ఏది ఎక్కడ పుట్టి ఎక్కడ చీలి ఏ పంటికి పోతుందో ఈనాటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. చెవులకి ఏమీ పెట్టుకోలేదు. పెట్టుకోవాలని తోచనైనా లేదు. రైలు రైలు దారిన పోయేది, పిండిమర దాని పని అది చూసుకునేది, మైకువాడు ప్రపంచంలో అందరినీ పిలిచేవాడు గాని నన్ను కాదు. ఎవరైనా గుమ్మంలోకి వచ్చి నీలిమేదీ అంటే అమ్మ వంటింట్లోంచే "చదువుకుంటోంది," అనేది. అంతే, ఒక్క మాట. వచ్చినవాళ్ళు చెప్పులు చప్పుడు కాకుండా తొడుక్కుని పోయేవాళ్ళు.

మరి ఇప్పుడు మా వీధిలో ఏం గోల ఉందని. సాయంత్రమైతే ఎవరి గరాజు తలుపు లేచిందో లోపల కూర్చుని చెప్పొచ్చు, మాగ్‌పై పిట్ట ఒకటి కంచె మీద వాలి నాలుగు కూతలు కూస్తుంది, తర్వాత అది కూడా పోతుంది. ఇంత నిశ్శబ్దమైన చోట, నా సొంత ఇంట్లో, తలుపు దగ్గరగా వేసుకుని, పుస్తకం తెరిచి, ఒక్క పేరా చదవలేకపోతున్నాను, ఎందుకంటే అక్కడ పుట్టే ప్రతి చప్పుడూ నాకే పుడుతుంది. నీలూ, చార్జరెక్కడ. అమ్మాయ్, నా ఫోను నల్లబడిపోయింది. అమ్మా, ఐ కాంట్ ఫైండ్ మై లైబ్రరీ బ్యాగ్. నీలూ, ఈ పాలు ఇవాళ్టివా నిన్నటివా. చిన్న చిన్న పిలుపులే, ఒక్కటీ కసురుకునే పిలుపు కాదు, ప్రేమగానే పిలుస్తారు, లేచి వెళ్తే అర నిమిషం పని, తిరిగొచ్చేసరికి వేలు పెట్టిన వాక్యం అక్కడే ఉంటుంది, నేనే ఉండను. పిలవకపోయినా వినపడుతుంది, స్నానం చేస్తుంటే వినపడుతుంది, ట్రైన్‌లో సెవెన్ హిల్స్ స్టేషను దాటేలోపు ఎలాగూ ఫోను వస్తుంది, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని. ఇదీ నేను చెప్పలేకపోయిన మాట. నాకు గోల అడ్డం కాదు, ఎప్పుడూ కాలేదు. గోలని ఆపే వస్తువు కోసం ఈ శనివారమంతా తగలేస్తున్నాను, అయ్యో, ఎంత మొద్దుని.

కళ్ళు తెరిచాను, ఎందుకంటే వినపడుతోంది. ఏసీ లేదు, ఫ్రిజ్‌లు లేవు, జనం లేరు, ఆ ఖాళీలో ఫోనులోంచి మా ఆయన గొంతు ఒక్కటే, ఇంతకుముందుకన్నా శుభ్రంగా, బియ్యంలో మట్టిగడ్డలు ఏరేశాక మిగిలిన గింజల్లా మాట మాటా విడివిడిగా. ఎడతెగని మోతని తీసేస్తుందట ఈ యంత్రం, ఇంజన్లని, ఫ్యాన్లని, మనుషుల మాటల్ని అంతగా పట్టుకోలేదట, గడ్డంవాడు చెప్పనే చెప్పాడు, నేనే తలకెక్కించుకోలేదు. విమానం ఆగుతుంది, మా ఆయన ఆగడు. "నీలూ, నీలూ, ఒక డౌటు," అంటున్నాడు, నిజంగా ఆలోచిస్తున్నవాడి ముఖంతో, ఆ ముఖం నాకు ఇష్టం, అదే నా ఖర్మ, "ఇవి పెట్టుకుంటే నీకు బయటిదేదీ వినపడదుగా. మరి మేము పిలిస్తే?" నేను జవాబు చెప్పేలోపే భానుప్రసాద్ అందుకున్నాడు, ఇలాంటి ప్రశ్న కోసమే ఆయన ఈ లోకంలో ఉన్నాడు. "దానికి గూడ సెట్టింగ్ ఉంటదన్నా. మనం మాట్లాడంగనే బయట గొంతు లోపలికి ఇడుస్తది. మల్ల మనం ఆపినంక బందైతది. ఆ పైవరుసలున్నదాంట్ల ఉంది." "అద్గదీ," అన్నాడు బాలమురళి, ముఖం వెలిగిపోయింది, "అది ఉన్నదే తీసుకో నీలూ. ఇంక ఏ ఇబ్బందీ ఉండదు." "పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా అది?" అన్నారు అత్తయ్య వెనకనుంచి.

పై వరసలో ఉంది అది. చెయ్యి చాస్తే అందుతుంది. నా చెవులు మూసి, వాళ్ళు నోరు తెరవగానే తెరుచుకునే వస్తువు, వీళ్ళ గొంతు వినగానే తలుపు తీసి పక్కకి నిలబడే నౌకరు, దాన్ని కొని నా తల మీద నేనే పెట్టుకుని ఇంటికి పోవాలి, పోయి థాంక్స్ చెప్పాలి, ఇంత ఆలోచించి ఎంచినందుకు. వచ్చే నెల ఏమవుతుందో నాకు ఆ క్షణాన కళ్ళకి కట్టినట్టు కనపడింది, చదివినట్టే ఉంటుంది, పుస్తకం తెరిచే ఉంటుంది, పరీక్ష హాలుకి వెళ్తాను కూడా, వెళ్ళి అన్నిచోట్లా సగం సగం తెలిసిన జవాబులు చూస్తూ కూర్చుంటాను. పర్లేదులే నీలూ, మళ్ళీ రాద్దువు అంటారు. ప్రేమగా అంటారు.

"పిలవకండి," అన్నాను.

మెల్లగానే అన్నాననుకున్నాను. చెవులు మూసుకుని ఉంటే మన గొంతు మనకి తలలోపల ఎక్కడో మొద్దుగా తగులుతుంది, ఎంత పెద్దగా వస్తోందో తెలియదు. టీవీల దగ్గర ఇద్దరు వెనక్కి తిరిగారు. డెమో స్పీకరు పిల్లాడు మీట వదిలేశాడు. పొడుగాటి అమ్మాయి దూరం నుంచి చూసి, చూడనట్టు బాక్సులు సర్దుకుంది. సిగ్గేసింది, వేస్తే వేసింది, నోటినుంచి వచ్చాక ఆ మాట నాకు నచ్చింది, మళ్ళీ అన్నాను, "మీరు పిలవకండి. పరీక్ష అయ్యేదాకా. పొద్దుగూకాక తలుపు వేసుకుంటాను, నేను తీసేదాకా ఎవరూ పిలవకండి." భానుప్రసాద్ ముఖం గడిలో అటూ ఇటూ కదిలింది, "నేను మల్ల చేస్తనే," అన్నాడు, గడి మాయమైంది. "ఏమంటోందిరా?" అన్నారు అత్తయ్య. బాలమురళి నవ్వాలో వద్దో తెలియనట్టు, "అంటే ఏంటి, ఇల్లు తగలబడినా పిలవొద్దా?" అన్నాడు. "మంట ఆర్పండి. తర్వాత చెప్పండి." "అది కాదు..." "చార్జరు మీరే వెతుక్కోండి. అత్తయ్య గారి ఫోను మీరు చూడండి. వాడి బ్యాగు వాడు చూసుకుంటాడు. ఎవరైనా నీలిమేదీ అంటే చదువుకుంటోందని చెప్పండి. అంతే, ఒక్క మాట. చెప్పగలరా?" కోపంతో అంటున్నాననుకున్నాను గాని కోపం ఒక్కటే కాదు, ఆయన కాదంటే నేనేం చేస్తానో నాకు తెలియదు.

ఆయన కుర్చీలో కొద్దిగా వెనక్కి జరిగాడు. అత్తయ్య ఆయన భుజం మీంచి నా ముఖాన్ని, నా చెవుల్ని చూశారు. ఎక్కడో లోపలి గదిలోంచి ఆదిత్య "అమ్మా!" అని కేక వేశాడు, నేను ఇంట్లో లేనని వాడికి తెలుసు, అలవాటు. ఆ కేకకి బాలమురళి తల అటు తిరిగింది, వెంటనే నా వైపు తిరిగింది, ఎప్పట్లాగే, నోరు తెరుచుకుంది, "నీ..." అన్నాడు. మిగతా సగం మింగేశాడు. నేను చూస్తున్నాను. ఫోను బల్లమీద నిలబెట్టి, లేచి, కొడుకు గదివైపు నడిచాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా పేరు ఆయన నోట్లో సగంలో ఆగడం ఇదే మొదటిసారి.